మెదక్ గుళ్ళో నా కుడి చెయ్యి

ముందే చెప్పేస్తున్నా, నేను సంఘం మారలేదు. ఇది చదివి మా వాళ్ళెవరైనా ఫోన్ చేసి "ఏంటి బ్రదర్, సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, మెదక్ గుడి వాళ్ళదే) కలిశారంట" అని అడగకముందే ఈ ముక్క చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున్నే మా హాల్లో కీబోర్డ్ కవర్ తీసేది నేనే, అందరూ వెళ్ళాక కేబుళ్ళు చుట్టేది నేనే. కానీ మొన్న వర్షాకాలంలో ఒక ఆదివారం వేరే వాళ్ళ గుడికి వెళ్ళి వచ్చాక నాలో ఏదో కదిలింది, అది ఇన్నాళ్ళూ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను, మా ఆవిడకి రెండుసార్లు చెప్పబోయి మధ్యలో ఆపేశాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా చర్చి హైదరాబాద్‌లోనే, కింద షట్టర్లు, పైన మూడో అంతస్తులో హాలు, పేరు ఎందుకులెండి. పదకొండేళ్ళుగా అక్కడ కీబోర్డ్ నాది. బయటివాళ్ళకి తెలియదుగానీ కీబోర్డ్ వాయించేవాడి అసలు పని పాటల దగ్గర కాదు, ప్రార్థన దగ్గర. పాస్టర్ గారు వాక్యం, అంటే ప్రసంగం, ముగించి ప్రార్థనలోకి వెళ్ళబోతూ ఎడమ చెయ్యి నడుం దాకా లేపుతారు, అది నాకు సిగ్నల్. వెంటనే ప్యాడ్ సౌండ్ (మెత్తగా సాగే శబ్దం) పెట్టి, స్వరం ఆగకుండా సాగించే సస్టైన్ పెడల్ తొక్కి, 'ఏ మైనర్' అనే కార్డ్ మీద నిలబడాలి, వాల్యూమ్ వినీ వినబడనట్టు ఉండాలి. ఆయన గొంతు పెరిగేకొద్దీ నేను పెంచాలి, ఆయన ఆగితే నేను ఆగకూడదు. ఆ 'ఏ మైనర్' నుంచి 'ఎఫ్'కి దిగే చోట మూడో వరసలో ఆంటీలు కొంగు కళ్ళకి తీసుకుంటారు. చివరి పాటకి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి పైకి నొక్కితే చాలు, హాలంతా చేతులు లేస్తాయి. ఇందులో మోసం ఉందని నేను అనట్లేదు. ఆ ఏడుపులు నిజం ఏడుపులే, నాకు తెలుసు, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళినవాణ్ణి కదా, ఎవరికి ఏ బాధ ఉందో తెలిసినవాణ్ణే. గొడవంతా నాతోనే. మిఠాయి కొట్లో పనిచేసేవాడికి మిఠాయి అంటే మొహం మొత్తినట్టు, ఏ మెట్టు నొక్కితే ఏ కన్నీళ్ళు వస్తాయో తెలిసినవాడికి తన కన్నీళ్ళ మీద నమ్మకం ఉండదు. ఎప్పుడైనా నాకే గొంతు పట్టేస్తే, ఇది ప్రభువా, ఎఫ్ మేజరా అని అనుమానం.

ఇంకో సంగతి. పదకొండేళ్ళుగా ప్రార్థనలో నేను కళ్ళు మూసుకోలేదు. ఆ ఎడమ చెయ్యి చూడాలి కదా.

ఇది పూర్తిగా ఎండిపోయింది మాత్రం 2021లో, సెకండ్ వేవ్ అప్పుడు. హాలు మూసేశారు, రోజూ సాయంత్రం జూమ్‌లో ప్రార్థన, నేను మా బెడ్‌రూమ్‌లో కీబోర్డ్‌ని లాప్‌టాప్‌కి కలిపి వాయించేవాణ్ణి. వాట్సాప్‌లో పేర్ల లిస్టు వచ్చేది, ఆక్సిజన్ కావాల్సినవాళ్ళు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు. ఒక్కో పేరు చదువుతుంటే కింద నా ప్యాడ్. మర్నాడు లిస్టులో కొన్ని పేర్లు ఉండేవి కావు, బాగుపడ్డారా పోయారా అని అడగడానికి నోరు వచ్చేది కాదు. నిన్న ఆ పేరు కింద ఏ కార్డ్ వాయించానో ఇవాళ కొత్త పేరు కిందా అదే. ఒకరోజు మ్యూట్‌లో పెట్టి వాయించాను, ఎవరికీ తెలియలేదు, లైన్ బాగాలేదేమో అనుకున్నారు. ఆ తర్వాత నుంచి లోపల కూడా మ్యూట్‌లోనే ఉన్నాను అనుకోండి. దేవుడు లేడు అనేంత ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు, ఉన్నాడు అని చెప్పడానికి నోరు పెగిలేది కాదు. డ్యూటీ మాత్రం ఆపలేదు.

మా ఆఫీసులో ఒక కుర్రాడున్నాడు, మెదక్ వాడు, నన్ను అన్నా అంటాడు. పాపకి బాప్తిస్మం, ఫస్ట్ సండే, మా గుళ్ళో, వదినని తీసుకుని రావాలన్నా అన్నాడు. సరే అన్నానుగానీ లోపల నవ్వొచ్చింది. ఎందుకంటే మేము ఒంగోలు వైపు బాప్టిస్టులం. మాకు బాప్తిస్మం అంటే మునగడమే. బుద్ధి తెలిశాక, నమ్మి, నోటితో ఒప్పుకుని, నీళ్ళలో పూర్తిగా మునిగి లేవాలి. పసిపిల్లల నెత్తిన నీళ్ళు చల్లితే దాన్ని మా ఇంట్లో "చిలకరింపు" అని ఒక రకమైన గొంతుతో అంటారు, ఆ గొంతు రాతలో చూపించలేను. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో, 1878 జూలై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు, బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలోకి దిగి మార్చి మార్చి ఇచ్చారట. వాళ్ళలో మా తాతల తాత ఒకడని నాన్న చెప్పేవాడు, కాగితం ఏమీ లేదు, నాన్న మాటే కాగితం. ఇంకో మాట కూడా చెప్పేవాడు, కరువులో జనం బకింగ్‌హామ్ కాలువ తవ్వి కూలి డబ్బులు తెచ్చుకుంటున్నప్పుడు బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా క్లౌ దొర ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారు అనే మాట పడకూడదని కరువు పని అయ్యేదాకా ఆగాడు అని. మమ్మల్ని గోధుమ నూకకి, పాలపిండికి మతం మారినవాళ్ళని వెక్కిరించేవాళ్ళుండేవాళ్ళు స్కూల్లో, అందుకని ఈ కథ నాన్న మాకు గట్టిగా నూరిపోశాడు. అంటే నా బుర్రలో విశ్వాసం అంటే ఎప్పుడూ అదే, తెలిసి, కోరి, నా అంతట నేను దిగాల్సిన నీళ్ళు. ఇప్పుడు నాలో ఆ కోరిక లేదు, మరి నీళ్ళెక్కడివి?

ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. బాలానగర్ దాటి నర్సాపూర్ అడవి మీదుగా వంద కిలోమీటర్ల లోపే. అడవి దగ్గర కోతులు రోడ్డు మీదే కూర్చుని ఉంటాయి, మా వాడు బిస్కెట్లు అన్నాడు, వాళ్ళమ్మ వద్దంది, అక్కడ పావుగంట పోయింది. మా చర్చికి ఆ రోజుకి ఒక కుర్రాణ్ణి కీబోర్డ్‌కి పెట్టి వచ్చాను, వాడు దారిలో నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

మెదక్ గుడి ఫొటోల్లో అందరూ చూసే ఉంటారు. చూడ్డానికి వెళ్ళడం వేరు, ఆరాధనకి వెళ్ళడం వేరు. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే దొర 1914లో మొదలుపెట్టి కట్టించాడు, 1924 డిసెంబర్ 25న తెరిచారు, అంటే మొన్న 2024 క్రిస్మస్‌కి వందేళ్ళు. ఇక్కడా కరువే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిండి లేక అల్లాడుతున్న జనానికి ఊరికే పెట్టకుండా పని చూపించి అన్నం పెట్టారు, ఆ పనే ఈ గుడి. మా కొలీగ్ వాళ్ళ ముత్తాత రాళ్ళు మోశాడట. మా వాళ్ళు కాలువ తవ్వితే వీళ్ళు గుడి కట్టారన్నమాట, ఇద్దరి కడుపూ ఒకటే. ఇది నాకు ఆ రోజు పార్కింగ్‌లో నిలబడి ఆ గోపురం కేసి మెడ ఎత్తి చూస్తుంటే తట్టింది, చిలకరింపు అనే గొంతు కొంచెం తగ్గింది.

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేసరికి మొదలైపోయింది. వెనక బెంచీలో చోటు దొరికింది. మా ఆవిడ, బాబు ముందు కొలీగ్ వాళ్ళతో కూర్చున్నారు, నేను ఒక పెద్దామె పక్కన. తెల్ల చీర, తల మీద కొంగు, వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. అలవాటు కదా, ముందు నా కళ్ళు కీబోర్డ్ ఎక్కడుందా అని వెతికాయి. ఉంది, క్వయిర్ పక్కన, పాటలకి వాయించాడు కూడా, ఏం బాగా వాయించలేదు, నిజం చెప్పాలి కదా. పాటలేమో నిదానంగా సాగే పాత కీర్తనలు, మా ఊళ్ళో చిన్నప్పుడు మంగళవారం కూడికల్లో పాడినవే కొన్ని. ఒకదానికి రెండో చరణం నాకు చూడకుండా వచ్చేసింది.

తర్వాత అయ్యగారు (వాళ్ళు పాస్టర్ గారిని అయ్యగారు అంటారు, మా నాయనమ్మ కూడా అలాగే అనేది) పుస్తకం తీసి ఒక వాక్యం చదివితే జనం ఒక వాక్యం. ఇది మాకు లేదు. మేము దీన్ని చదువుడు ప్రార్థన అని ఎగతాళి చేసేవాళ్ళం, ఆత్మ లేదు, హృదయం లేదు, చిలక పలుకులు అని. నా చేతిలో పుస్తకం ఉందిగానీ ఏ పేజీలో ఉన్నారో తెలియక తిప్పుతూ ఉంటే, పక్కన పెద్దామె తన పుస్తకం నా ఒళ్ళో పెట్టి వేలితో చూపించింది, "గీడ ఉన్నది బిడ్డా". పొగాకు వాసన వచ్చింది ఆ వేలి నుంచి, అప్పుడు అర్థమైంది బీడీలు చుట్టే చెయ్యి అని. పుస్తకం నాకిచ్చేసింది కదా, ఆమె ఏం చూసి చదువుతుంది అనుకున్నా. ఆమెకి అదంతా నోటికొచ్చు. తర్వాత తెలిసింది, ఆమెకి అసలు చదువే రాదట, పేజీ గుర్తు మీద వేలు పెట్టింది. నాకు చూపించిన వాక్యం మాత్రం సరిగ్గా అదే.

పాపపు ఒప్పుకోలు వచ్చింది. తలంపుల్లో, మాటల్లో, పనుల్లో తప్పిపోయాం అని అందరూ కలిసి చెప్పారు. అయ్యగారు ఆగారు.

నేను అయిపోయిందనుకున్నా. అవలేదు. ఊరికే ఆగారు. అంత పెద్ద గుడి, అంతమంది జనం, చప్పుడు లేదు. ఎవరో పిల్లాడు ఏదో కింద పడేశాడు, పైన ఎక్కడో పావురం రెక్కలు కొట్టుకుంది, ఎవరో దగ్గారు. కీబోర్డ్ కుర్రాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్ళంతా చెమట పట్టింది, నిజంగా, ఏదో తప్పు జరుగుతున్నట్టు, ఎవరో తీగ పీకేసినట్టు, ఎవరైనా వాయించండ్రా బాబూ అని. అప్పుడు కిందకి చూసుకుంటే నా కుడి చెయ్యి తొడ మీద ఎఫ్ మేజర్ పట్టుకుని ఉంది. మూడు వేళ్ళూ నొక్కిపెట్టి. ఎడమ చెయ్యి కింద బేస్‌కి సాగి ఉంది. కుడి పాదం పెడల్ తొక్కి ఉంది, ఉత్త గచ్చు మీద.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదకొండేళ్ళ కాలంలో మొదటిసారి ఒక ప్రార్థనలో నా పని ఏమీ లేదు. నేను ఏ కార్డ్ పట్టుకున్నా ఎవరికీ వినబడదు, ఎవరి కన్నీళ్ళూ నా చేతిలో లేవు, నావి కూడా. నెమ్మదిగా వేళ్ళు ఒక్కోటీ తీశాను. చెయ్యి తిరగేసి పెట్టుకున్నా. అప్పుడు అయ్యగారు మళ్ళీ మొదలుపెట్టి, పశ్చాత్తాపపడినవాళ్ళ పాపాలు దేవుడు క్షమిస్తున్నాడు అని చదివారు. గొంతు పెంచలేదు, బతిమాలలేదు, కరెంటు బిల్లు కట్టినట్టు రసీదు ఇచ్చినంత మామూలుగా చదివారు. నాకేమీ అనిపించలేదు కూడా. ఒళ్ళు జలదరించలేదు. కానీ ఏమీ అనిపించకపోయినా అది నాకు కూడా చెప్పిన మాటే కదా అన్న ఆలోచన వచ్చింది, ఆ ఆలోచన మాత్రం వదల్లేదు.

బాప్తిస్మం వాక్యం తర్వాత పెట్టారు. తల్లీ తండ్రీ పాపని ఎత్తుకుని ముందుకెళ్ళారు. పాప నిద్రపోతోంది, తెల్ల గౌను, తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. నేను మెడ చాచి చూస్తున్నా, లోపల మా నాన్న వాదన రెడీగా ఉంది, ఆ పిల్లకి ఏం తెలుసని, ఏం నమ్మిందని. అయ్యగారు తల్లిదండ్రుల్ని అడిగారు, జ్ఞాన తల్లిదండ్రుల్ని అడిగారు, తర్వాత పుస్తకం నుంచి తలెత్తి మమ్మల్ని అడిగారు, అంటే జనాన్ని, ఈ బిడ్డని విశ్వాసంలో పెంచడానికి మీరు తోడుంటారా అని. అందరూ ఉంటామన్నారు. పక్కన పెద్దామె గట్టిగా అంది. నా నోట్లోంచి కూడా వచ్చేసింది. ఎన్ని ఏళ్ళయింది నేను దేవుడి ముందు ఒక మాట పైకి అని, కింద ఏ సౌండూ లేకుండా. మూడుసార్లు నీళ్ళు పడ్డాయి నెత్తి మీద, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో. పాప లేవలేదు. పెదాలు ఒకసారి చప్పరించి మళ్ళీ నిద్రపోయింది. జనంలో చిన్న నవ్వు.

అప్పుడు పట్టేసింది నన్ను. ఆ పిల్లకి ఏమీ అనిపించలేదు, ఏమీ తెలియలేదు, అయినా ఆమెని ఎత్తుకుని తీసుకొచ్చారు, ఆమె బదులు నోరు తెరిచి ఒప్పుకున్నారు, అయిపోయింది. మునగడమే సరి అని నేను ఇప్పటికీ నమ్ముతా, నాతో ఎవరూ వాదనకి రావద్దు. కానీ నేను నాలుగేళ్ళుగా చేతకాక ఆగిపోయిన చోట ఆ పిల్ల నిద్రపోతూ దాటేసింది. నేను డ్యూటీ చేస్తున్నా అనుకున్న ఆ నాలుగేళ్ళూ మా హాల్లో మూడో వరస ఆంటీలు నన్ను ఎత్తుకునే ఉన్నారేమో, నేను వాళ్ళని ఏడిపిస్తున్నా అనుకున్నానుగానీ.

సమాధానం, అంటే శాంతి, ఒకరికొకరు ఇచ్చుకునే ఘట్టం ఒకటుంది వాళ్ళకి. బల్ల దగ్గర నుంచి మొదలై చేతి నుంచి చేతికి వెనకదాకా వస్తుంది. పెద్దామె నా రెండు చేతులూ తన రెండు చేతుల మధ్య పెట్టుకుని "సమాధానం బిడ్డా" అంది. గరుకు చేతులు. అసలు వాయించే చేతులు ఎవరైనా పట్టుకుంటే నాకు చిరాకు, స్టేజ్ దిగాక షేక్‌హ్యాండ్ కూడా తప్పించుకుంటా. లాక్కోలేదు ఆ రోజు.

ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) దగ్గర జనం లేచి వెళ్తుంటే నేను కూర్చునే ఉన్నా, వేరే సంఘం కదా, మర్యాద తెలియదు. ఆమె లేచి నన్ను చూసింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"పట్నం నుంచి వచ్చాం అమ్మా."

"బాప్తిస్మం తీస్కున్నవా?"

ఒంగోలు బాప్టిస్టుని పట్టుకుని అడిగే మాటేనా అది! "తీసుకున్నానమ్మా" అన్నా.

"మరి కూసున్నవేంది, లే."

లేచాను. ఆమె వెనకే నడిచి మోకరించాను. ఎదురుగా బల్ల పైన పెద్ద రంగుటద్దాల కిటికీ, ప్రభువు పరలోకానికి వెళ్తున్నట్టు, ఒక పక్క ఆయన పుట్టుక కిటికీ, ఇంకో పక్క సిలువ. బయట మబ్బు పట్టింది, అద్దాలు అంతంత మాత్రంగానే వెలుగుతున్నాయి, టూరిస్టులు పెట్టే ఫొటోల్లోలాగా ఏమీ లేవు. చూస్తూ చూస్తూ కళ్ళు మూసుకున్నాను. రొట్టె ముక్క చేతిలో పడ్డాక కూడా తెరవలేదు. అయ్యగారు పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. నాకు ప్రార్థన ఏమీ రాలేదు, పరలోక ప్రార్థన ఒక్కటే వచ్చింది, మూడో తరగతిలో నాన్న నేర్పింది, అదే అన్నాను, మధ్యలో ఒక లైను తప్పాను, మళ్ళీ మొదటినుంచి అన్నాను.

మధ్యాహ్నం భోజనాలు కొలీగ్ వాళ్ళింట్లో, మటన్, బగారా అన్నం, ఆ మటన్ గురించి వేరే పోస్ట్ రాయొచ్చు. రాత్రి అమ్మకి ఫోన్ చేశా. విషయం చెప్పగానే "ఏరా, చిలకరింపు గుడికి వెళ్ళి సంస్కారం కూడా తీసుకున్నావా" అంది. తిడుతుందనుకున్నా. నేను పాప సంగతి చెప్పాను, నిద్రలోనే అయిపోయిందమ్మా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకూ ప్రతిష్ఠ చేశాం కదరా, మూడో నెలలో. నాన్న ఎత్తుకుని ముందుకు తీసుకెళ్ళాడు. మీ నాన్న ఏడుస్తుంటే నువ్వు లేస్తావని నా భయం, నువ్వు కదల్లేదు" అంది. అది నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ప్రతిష్ఠ అంటే మా వాళ్ళలో నీళ్ళు లేకుండా పసిబిడ్డని దేవుడికి అప్పగించే ప్రార్థన, అది చేశారని తెలుసు, నాన్న ఏడ్చాడని తెలియదు. కీబోర్డ్ లేదు కదా ఆ రోజుల్లో మా ఊళ్ళో, డోలక్ ఒక్కటే.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే లేచి పరలోక ప్రార్థన అంటున్నా, అంతే, ఒక్కటే. కొన్ని రోజులు పదాలు ఉత్తగా పోతాయి, కొన్ని రోజులు ఒక మాట దగ్గర ఆగిపోతా. 2021 లిస్టులో గుర్తున్న పేర్లు కొన్ని చెప్తా, కింద ఏమీ వాయించకుండా.

రెండు వారాలయ్యాక మా పాస్టర్ గారిని అడిగాను, ప్రార్థన మధ్యలో ఒక్క నిమిషం ఏమీ వాయించకుండా ఉందామా సార్ అని. ఆయన మంచి మనిషి, కొంచెం ఆలోచించి "ఖాళీ వస్తే జనం చెదిరిపోతారు తమ్ముడూ" అన్నారు. నిజమే అది, అనుభవంతో అన్న మాట. రెండోసారి అడిగితే సరే ఒక నిమిషం, అంతకంటే వద్దు అన్నారు.

ఆ ఆదివారం వాక్యం అయ్యాక ప్రార్థనలో ఆయన ఆగారు, నేను మీటల మీంచి చేతులు తీసి తొడల కింద పెట్టుకున్నా, నమ్మకం లేక. ఏసీ గొణుగుడు, కింద రోడ్డు మీద ఆటో హారన్, ఎవరిదో ఫోన్ వైబ్రేషన్. ఒకాయన హల్లెలూయా అనబోయి సగంలో ఆపేశాడు. సౌండ్ దగ్గర కూర్చునే కుర్రాడు వంగి వంగి స్టేజ్ పక్కకి వచ్చి నా మోకాలు తట్టి చెవిలో "అన్నా, కేబుల్ ఊడిందా?" అన్నాడు. కాదని తల ఊపాను. వాడు వెనక్కి వెళ్ళలేదు, అక్కడే స్టాండ్ పక్కన కింద కూర్చుండిపోయాడు. పాస్టర్ గారు మళ్ళీ ఎడమ చెయ్యి ఎప్పుడు లేపారో నేను చూడలేదు, కళ్ళు మూసుకుని ఉన్నాను.